ఫ్రిజ్ మీద అతికించిన వాగ్దానం

గాజువాక వైపు నుంచి ఒక సోదరి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, సంఘం, భర్త పనిచేసే చోటు బయటపెట్టవద్దన్నారు కాబట్టి కొన్ని వివరాలు వదిలేసి, మిగతాది కుదించి ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై ఐదేళ్లు. ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడతారు. భర్త ఎలక్ట్రీషియన్, నెలకు ముప్పై రెండు వేలు తెస్తారు. ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఆయనకు తాగుడు లేదు, సిగరెట్టు లేదు. ఆదివారం అందరికంటే ముందు వెళ్లి మందిరంలో మైకులు సరిచేసేది ఆయనే. నాలుగేళ్లుగా మందిర నిర్మాణ నిధి లెక్కలు కూడా ఆయన చేతిలోనే ఉన్నాయి. 2022లో తోటి పనివాడొకరు ఫోనులో రమ్మీ చూపించారు. యాప్ వాళ్లు ఇచ్చిన బోనస్‌తో ఆడి పన్నెండు వందలు గెలిచి, ఆ రాత్రి ఇంటికి బిర్యానీ పొట్లాలు తెచ్చారు. అక్కడి నుంచి మూడేళ్లు. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చి యాప్‌లు డబ్బు ఆటలు ఆపేస్తే, దేవుడే మూయించాడని ఈమె స్తోత్రం చెల్లించారు. నెల తిరగకుండానే ఆయన టెలిగ్రామ్ గ్రూపులో క్రికెట్ పందేలకు దిగారు.

ఇప్పుడు లెక్క ఇలా ఉంది. ఆమె గాజులు, గొలుసు బ్యాంకులో పెట్టి తెచ్చినది 1,40,000. లోన్ యాప్‌లకు 85,000. స్నేహితుడికి 50,000. మందిర నిధిలోంచి 'సర్దుకున్నది' 62,000. మొత్తం 3,37,000 రూపాయలు.

మధ్యలో ఒక రాత్రి ఆయన లక్షా పదివేలు గెలిచారు. ఆ మ్యాచ్ నడుస్తున్నంతసేపూ ఈమె వంటింట్లో గ్యాస్ బండ పక్కన మోకరించి, ఆ జట్టే గెలవాలని ప్రార్థించారు. మరుసటి ఆదివారం ఆయన పదకొండు వేలు దశమభాగంగా కవరులో పెట్టి ఇస్తే, పాస్టరుగారు వేదిక మీద నుంచి ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. మిగిలిన దానిలో పిల్లల ఫీజులు కట్టారు, ఈమెకు దుద్దులు కొన్నారు, తక్కినది పదిహేను రోజుల్లో తిరిగి పందేలకే పోయింది. నిధికి ఒక్క రూపాయి వెనక్కి వెళ్లలేదు. 'ఇంకొక్కటి తగిలితే అంతా ఒకేసారి కట్టేస్తాను' అన్నారట.

ఫ్రిజ్ మీద ఒక కార్డు అతికించి ఉంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆయన తీసుకున్న వాగ్దానం, అంటే కొత్త ఏడాదికి దేవుని మాటగా డబ్బాలోంచి తీసే బైబిలు వచనం: 'నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు కాని అప్పుచేయవు.' ఏదన్నా అంటే ఆ కార్డు చూపిస్తారు. 'గెలిస్తే దీవెన, ఓడితే శోధన' అంటారు. అత్తగారేమో, మగవాడు చేసిన అప్పు మగవాడే తీరుస్తాడు, నువ్వు రచ్చ చేయకు అంటున్నారు. వచ్చే నెల సంఘంలో లెక్కలు చదవాలి. ఈమె దగ్గర ఒక లక్ష రూపాయల చీటీ ఉంది. ఇరవై నెలల్లో పదహారు కట్టారు, ఇప్పుడు పాడుకుంటే తొంభై ఆరు వేలు చేతికొస్తాయి. ఆ డబ్బు ఇచ్చి పరువు కాపాడాలా? పాస్టరుగారికి చెప్పాలా? అసలు ఇది పాపమా, లేక ఓడినందువల్ల పాపంలా కనిపిస్తోందా? దుద్దులు ఏం చేయాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీరు అడిగిన నాలుగు ప్రశ్నలకంటే ముందు, అడగకుండా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆరో పేజీ అంచున, బ్రాకెట్లలో, చిన్న అక్షరాలతో ఉంది: 'నేను లేకపోతే ఇన్సూరెన్స్ డబ్బైనా వస్తుంది మీకు అన్నారు ఒకసారి, సరదాకేలెండి.' నేను దాన్ని సరదాగా తీసుకోలేను. అప్పుల్లో ఉన్న మనిషి ఇన్సూరెన్స్ లెక్క వేశాడంటే ఆ ఆలోచన ఒకసారైనా ఆయన పక్కన కూర్చుని వెళ్లినట్టే. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక సూటిగా అడగండి: 'చచ్చిపోవాలని అనిపిస్తోందా మీకు?' అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయం వద్దు. అలా పుట్టదు. అడిగే మనిషి లేకపోతేనే ముదురుతుంది. అవునన్నా, తల వంచుకుని ఊరుకున్నా, ఆయన్ను ఒంటరిగా వదలకండి. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది. ప్రభుత్వానిది, ఉచితం, అర్ధరాత్రి కూడా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. తెల్లవారాక చినవాల్తేరు మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. ఆ ఆసుపత్రి పేరెత్తితే మన ఊళ్లో ఇప్పటికీ వెకిలిగా నవ్వేవాళ్లు ఉన్నారు. నవ్వనివ్వండి. జూదం మానలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టికలో వ్యసనాల వరుసలోనే పెట్టింది. షుగరు వస్తే ప్రార్థనా చేయించుకుంటాం, మాత్రా వేసుకుంటాం కదా. ఇక్కడ మాత్రం ఉపవాస ప్రార్థన ఒక్కటే చాలని ఎవరైనా చెబితే వినకండి. చెప్పినవాళ్లు ఎంత పెద్ద సేవకులైనా సరే.

రెండో తొందర పని మీ బ్యాంకు ఖాతా. గెలిచిన డబ్బు మీ ఖాతాలోకి 'ఎవరో తెలియని నాలుగు పేర్ల నుంచి' వచ్చిందని రాశారు. నేను ముప్పై ఏళ్లు క్యాష్ కౌంటరు వెనక కూర్చున్నదాన్ని, ఆ వాక్యం చదివి ఒళ్లు జలదరించింది. ఇలాంటి గ్రూపులు తమ ఖాతా నుంచి డబ్బు పంపవు. అద్దెకు తీసుకున్న పరాయి ఖాతాల నుంచి పంపుతాయి. వాటిలో మోసపోయినవాళ్ల డబ్బు కూడా కలిసి ఉంటుంది. మోసపోయిన మనిషి ఎక్కడో ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు వెళ్లిన దారిలోని ఖాతాలన్నీ స్తంభిస్తాయి, మీదీ వాటిలో ఉండవచ్చు. మీ జాకెట్ల డబ్బు, చీటీ డబ్బు, పిల్లల ఫీజు అన్నీ అందులోనే చిక్కుకుంటాయి. కాబట్టి ఆ ఖాతాకు ఉన్న యూపీఐ పిన్ ఈరోజే మార్చండి, ఇకపై ఆయనవంటూ ఏ రాకా అందులోకి రానివ్వకండి. మన రాష్ట్రంలో 1974 నాటి జూద నిషేధ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. 2025 కేంద్ర చట్టం నడిపేవాళ్ల మీద, ప్రకటనలు ఇచ్చేవాళ్ల మీద గురిపెట్టింది, ఆడేవాడిని బాధితుడిగానే చూసింది. అయినా రాష్ట్ర చట్టం ఆడేవాడినీ వదలదు. ఖాతా ఇచ్చినవాళ్లను పోలీసులు ఏ కళ్లతో చూస్తారో వేరే చెప్పనక్కరలేదు.

ఇక వంటింటి సంగతి.

మీ ఉత్తరంలో అన్నిటికంటే సిగ్గుపడుతూ రాసింది అప్పుల గురించి కాదు, ఆ ప్రార్థన గురించి. 'దేవుడు విన్నాడు కదా, మరి అది తప్పెలా అవుతుంది?' అని అడిగారు. ఆ రాత్రి మీరు మోకరించింది దురాశతో కాదమ్మా, భయంతో. భయపడ్డ ఇల్లాలి మొరను దేవుడు తప్పు పట్టి రాసుకుంటాడని నేను అనుకోను. కానీ మీరు అడిగింది మాత్రం ఒకసారి తిప్పి చూడండి. అదే సమయంలో, శ్రీకాకుళంలోనో గుంటూరులోనో, ఇంకో వంటింట్లో ఇంకో ఆడమనిషి రెండో జట్టు గెలవాలని మోకరించి ఉంటుంది. ఆమె భర్తా అప్పులోనే ఉన్నాడు, ఆమె పిల్లలకూ ఫీజులున్నాయి. మీ ఇంటికి వచ్చిన లక్షా పదివేలు ఆకాశం నుంచి రాలేదు, ఆమె ఇంట్లోంచి వచ్చాయి. దేవుడు మీ మాట విని ఆమె మాట తోసేశాడని నమ్మడానికి నాకు నోరు రాదు. పందెంలో గెలవాలని చేసే ప్రార్థన ఏదైనా, ఎవరో ఒకరు ఓడాలని చేసే ప్రార్థనే. పొరుగువాణ్ని ప్రేమించమన్నవాడికి ఆ మనవి ఎలా వినిపిస్తుందో మీకే వదిలేస్తాను.

'జూదమాడకు' అని బైబిల్లో ఒక్క వచనం చూపించమని మీవారు సవాలు చేశారట. అక్కడ ఆయన చెప్పింది నిజమే, అలా సూటిగా ఒక ఆజ్ఞ లేదు. పైగా చీట్లు వేయడం, అంటే చీటీ ఎవరికి పడితే వారికని తేల్చుకోవడం, బైబిల్లో చాలా చోట్ల ఉంది. యెహోషువ కాలంలో గోత్రాలకు భూమి పంచింది చీట్లతోనే. అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయంలో ప్రభువును అప్పగించిన యూదా స్థానంలోకి మత్తీయ వచ్చింది చీట్లతోనే. కానీ అక్కడెక్కడా ఎవడూ డబ్బు పెట్టలేదు, ఎవడి ఇల్లూ కూలలేదు. తేల్చుకోలేని విషయాన్ని దేవుని చేతిలో పెట్టి, వచ్చిన జవాబుకు తలవంచారు. చీట్లు వేసి సొమ్ము పంచుకున్నది సిలువ దగ్గర సైనికులు. పైన ఒక మనిషి ప్రాణం పోతుంటే కింద ఆయన అంగీ ఎవరికి వస్తుందా అని చూస్తూ కూర్చున్నారు. నేను పాతనగరంలో పుట్టి పెరిగినదాన్ని. 1805లో మన విశాఖలో దిగిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజస్ సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. మత్తయి, మార్కు, లూకా 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యే నాటికి ఇద్దరూ కన్నుమూశారు. శ్రమల వారంలో ఆ సైనికుల వాక్యం చదివినప్పుడల్లా నాకు వాళ్లిద్దరూ గుర్తొస్తారు. ఈ ఊరి ఎండలో కూర్చుని ఆ మాట తెలుగులోకి తెచ్చినవాళ్లు, రెండు వందల ఏళ్ల తర్వాత మన పిల్లలు ఫోను జేబులో పెట్టుకుని చీట్లు వేసుకుంటారని ఊహించి ఉండరు.

ధనాపేక్ష సమస్త కీడులకు మూలమని పౌలు తిమోతికి రాసిన మాట అందరికీ కంఠతా వచ్చు కాబట్టి అది వదిలేస్తున్నాను. యెషయా 65:11 మాత్రం మీవారితో కలిసి చదవండి. అదృష్టాన్ని దేవతగా పెట్టుకుని దానికి బల్ల సిద్ధం చేసేవాళ్లను ప్రవక్త మందలించే చోటు అది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో, చేయి చాపే మనిషి, శనివారం రాత్రి ఏ బల్ల దగ్గర కూర్చున్నాడో ఆయనే చెప్పుకోవాలి.

అన్నట్టు, ఈ విషయంలో మనం సంఘంగా కూడా చేతులు కడుక్కోలేం. క్రిస్మస్‌కు లక్కీ డిప్ టికెట్లు అమ్మేది మన యౌవనస్తులే. వెయ్యి విత్తితే నూరంతలు కోస్తారని మైకులో చెప్పేది మన ప్రసంగీకులే. కష్టం లేకుండా రాబడి వస్తుందని పదేళ్లు వేదిక మీద నుంచి విన్న మనిషి, అదే మాట ఫోను చెబితే ఎందుకు నమ్మడు?

ఆ వాగ్దాన కార్డు సంగతి కూడా చెప్పాలి. అది ద్వితీయోపదేశకాండము 28:12 చివరి ముక్క. అదే వచనంలో ముందు ఏముందో చదివారా? ఆకాశం తెరిచి కాలానికి వాన కురిపిస్తానని, నీ చేతి పనిని ఆశీర్వదిస్తానని ఉంది. వాన, చేతిపని, ఆ తర్వాతే అప్పిచ్చే స్థితి. కార్డు అచ్చు వేసినవాళ్లు చోటు చాలక సగం కోశారు, మీవారు ఆ సగం మీద 3,37,000 అప్పు కట్టారు. పైగా డబ్బాలో చేయి పెట్టి తీసిన కార్డు కదా, అదీ ఒక రకం చీటీయే. చేతికి ఏది తగిలితే అది దేవుడు తనతోనే అన్నాడని నమ్మడం అక్కడే అలవాటైందేమో.

'గెలిస్తే దీవెన, ఓడితే శోధన.' ఈ సూత్రంలో ఆయన తప్పు చేసే వీలే లేదు, చూశారా? ఏది జరిగినా బాధ్యత పైవాడిదే. దీన్ని వాదించి గెలవలేరు, వదిలేయండి. దానికి బదులు ఒక కాగితం మీద లెక్క వేయించండి, ఎలక్ట్రీషియన్ కదా, లెక్క అర్థమవుతుంది. ఇద్దరు చెరో వెయ్యి చెరో జట్టు మీద పెట్టారనుకుందాం. నడిపేవాడు గెలిచినవాడికి రెండు వేలు ఇవ్వడు, పంతొమ్మిది వందలే ఇచ్చి వంద తను ఉంచుకుంటాడు. అలా ఇరవై పందేలు కాస్తే, పది సరిగ్గా చెప్పిన మనిషికి తొమ్మిది వేలు వస్తాయి, తప్పిన పదికి పదివేలు పోతాయి. సగం సరిగ్గా చెప్పినవాడు కూడా వెయ్యి పోగొట్టుకుంటాడు. తెలివి తక్కువై కాదు, ఆ ఆట కట్టిందే అలా. ఇక 'ఇంకొక్కటి తగిలితే' అనే మాటకు జవాబు మీ ఇంట్లోనే ఉంది. ఒకటి తగిలింది. లక్షా పదివేలు. నిధి అప్పు 62,000 తీర్చి ఇంకా 48,000 మిగిలేది. తీర్చలేదు. డబ్బు లేక కాదు తీర్చనిది.

ఇప్పుడు మందిర నిధి. ఉత్తరం పొడుగునా మీరు 'సర్దుకున్నారు' అనే రాశారు, ఒక్కచోట కూడా 'తీశారు' అని రాయలేదు. నాతో పనిచేసిన ఒకాయన ఉండేవారు. శుక్రవారం సాయంత్రం డ్రాయరులోంచి కొంత తీసి, సోమవారం ఉదయం అందరికంటే ముందు వచ్చి పెట్టేవారు. పదకొండు నెలలు ఒక్కసారి తప్పలేదు. ఒక శనివారం ఇన్‌స్పెక్షన్ వచ్చింది. తర్వాత ఆయన నాతో అన్న మాట ఇది: 'తీసిన మొదటి రోజు చేతులు వణికాయమ్మా, తిరిగి పెట్టిన రోజు వణుకు పోయింది.' అందుకే మీ మొదటి ప్రశ్న నన్ను భయపెట్టింది. లెక్కలు చదివే ముందు మీ చీటీ డబ్బుతో 62,000 గుట్టుగా పూడ్చేశారనుకోండి. ఆ ఆదివారం అందరూ చప్పట్లు కొడతారు, మీ పరువు నిలుస్తుంది. ఆయనకు మాత్రం ఒకటి తెలిసిపోతుంది: నిధిలో గొయ్యి తవ్వితే దానంతట అదే పూడుతుందని. నిధి ఇంకా ఆయన చేతిలోనే ఉంటుంది. మీ గుట్టు ఇద్దరి గుట్టవుతుంది. రేపు మళ్లీ బయటపడితే 'ఆమెకూ తెలుసు' అనే మాట కూడా పడుతుంది.

మీరు ఒక్కరే పాస్టరుగారి దగ్గరికి వెళ్లి చెప్పవచ్చు. మన సంఘాల సంగతి నాకు తెలుసు. పొద్దున పాస్టరమ్మగారికి చెప్పింది, సాయంత్రానికి స్త్రీల సమాజంలో 'ఒక కుటుంబం కొరకు ప్రార్థించండి' అని వస్తుంది, ఏ కుటుంబమో అందరికీ తెలుస్తుంది. వెనకనుంచి చెప్పావని మీవారు జీవితాంతం అంటారు. ఇన్సూరెన్స్ మాట అన్న మనిషి కాబట్టి ఆ అవమానం ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు తగలకూడదు. అయినా ఈ దారి పూర్తిగా మూయకండి, ఇంకేదీ కుదరనప్పుడు ఇదే మిగులుతుంది.

ఏమీ చేయకుండా ఊరుకుంటే? వచ్చే నెల పుస్తకం తెరుస్తారు. అప్పుడు ఆయన చెప్పినట్టు కాదు, పట్టుబడినట్టు అవుతుంది. నమ్మి అప్పగించిన సొమ్ము వాడుకోవడం చట్టంలోనూ నేరమే. పెద్దలు దయగలవాళ్లయితే లోపల తేల్చుకుంటారు, కాకపోతే పోలీసు స్టేషను.

నా మనసు మొగ్గేది మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన వరుస వైపు: ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరితో, అప్పటికీ వినకపోతే సంఘానికి. ఒంటరిగా మీరు మాట్లాడే రోజున అరవకండి, ఏడిస్తే ఏడవండి. అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ముందు పెట్టండి. 'వచ్చే ఆదివారంలోగా మీరే పాస్టరుగారితోనూ, మీరు నమ్మే ఒక పెద్దతోనూ చెప్పాలి, నేను పక్కన కూర్చుంటాను. మీరు వెళ్లకపోతే సోమవారం నేను వెళతాను' అని చెప్పండి. ఈ మాట బెదిరింపు కాకూడదు, తారీఖు వేసిన మాట కావాలి. అంటే సోమవారం వస్తే నిజంగా వెళ్లాలి. వెళ్లలేననుకుంటే అసలు అనకండి, ఖాళీ మాటలు ఆయన మూడేళ్లుగా వింటూనే ఉన్నారు.

దీనివల్ల ఏం పోతుందో కూడా తెలిసి దిగండి. నిధి బాధ్యత తప్పకుండా పోతుంది, పోవాలి కూడా. కొన్నాళ్లు మైకుల పనీ పోవచ్చు. పాత రోజుల పాస్టరుగారైతే ప్రభువు బల్లకు కొంతకాలం దూరం పెట్టవచ్చు. పిల్లలను ఎవరో ఒక అత్త పక్కకు పిలిచి అడుగుతుంది. అత్తగారు మీతో కొన్ని వారాలు మాట్లాడరు. అటువైపు, సుంకం వసూలు చేసే జక్కయ్య ఇంటికి ప్రభువు వెళ్లినప్పుడు ఆ సుంకరి లెక్కలు చెప్పమని ఎవరూ నిలదీయలేదు. తనే లేచి నిలబడి, అందరూ వింటుండగా, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వాళ్లకు నాలుగింతలు ఇస్తానన్నాడు. నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు అన్నది ఆ తర్వాత. లెక్క చెప్పుకున్న సుంకరి ఇంటికి ఆ మాట వచ్చింది, సుంకం మెట్టు మీద కూర్చుని ఉండగా రాలేదు.

దశమభాగం కింద ఇచ్చిన పదకొండు వేల సంగతి కూడా అప్పుడే చెప్పించండి. యూదా విసిరేసిన ముప్పై వెండి నాణేలను, ఆ పన్నాగంలో పాలున్న ప్రధాన యాజకులే కానుక పెట్టెలో వేయతగదన్నారు. వాళ్లకున్నపాటి బిడియం మనకూ ఉండాలి కదా. ఆ డబ్బు ఏం చేయాలో సంఘం తేల్చుకుంటుంది. తిరిగిస్తామంటే మాత్రం ఆయన చేతికి తీసుకోకండి, నిధి బాకీలో జమ వేయమనండి. అప్పుడు 62,000 కాస్తా 51,000 అవుతుంది.

చీటీ డబ్బు మీ కుట్టుకూలి. ఇవ్వకపోయినా మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టకూడదు, అత్తగారితో సహా. ఇవ్వదలిస్తే ఆయన చెప్పుకున్న తర్వాతే, ఆయన చేతికి కాకుండా పెద్దల చేతికి, రసీదు తీసుకుని ఇవ్వండి. పాడుకున్నాక కూడా ఇంకా నాలుగు వాయిదాలు కట్టాలి, ఆ ఇరవై వేలు ముందే పక్కన పెట్టుకోండి. మిగిలితే లోన్ యాప్‌లకు, ఎందుకంటే వడ్డీ ఎక్కువ తినేవి అవే. బ్యాంకు బంగారానికి గడువులోగా వడ్డీ కడుతూ పోతే కొంతకాలం ఆగుతుంది. యాప్ వాళ్లు ఫోనులోని నంబర్లకు ఫోన్లు చేసి బూతులు తిట్టినా, ఫోటోలు మార్చి పంపినా 1930కి ఫిర్యాదు చేయండి. స్నేహితుడి దగ్గరికి మీవారే స్వయంగా వెళ్లి నెలకు ఇంత అని మాట్లాడుకోవాలి. మీరు వెళ్లవద్దు. ఎక్కడా హామీ సంతకం పెట్టవద్దు, ఖాళీ చెక్కు ఇవ్వవద్దు.

జీతం కొన్నాళ్లు మీ ఖాతాలో పడేలా ఆయన ఒప్పుకుంటే మంచిదే, కానీ అలా చేస్తే ఇంట్లో మీరు పోలీసవుతారు, అది కాపురానికి అలసట. కొందరు ఆడవాళ్లకు కుదురుతుంది, కొందరు ఆరు నెలల్లో విసిగిపోతారు. మీ స్వభావం మీకు తెలుసు. ఫోను మార్చి మామూలు బటన్ల ఫోను ఇవ్వడం పనిచేసిన ఇళ్లు చూశాను. రెండో రోజే రహస్యంగా ఇంకో ఫోను కొన్న ఇల్లూ చూశాను. ఆయన మళ్లీ జారిపోవచ్చు. ఒకసారి జారితే అంతా అయిపోయినట్టు కాదు. చేయి చేసుకున్నా, మీ సంతకంతో అప్పు చేసినా మాత్రం పిల్లలను తీసుకుని కొన్నాళ్లు అనకాపల్లిలో మీ అన్నయ్య దగ్గర ఉండండి. అది కాపురం విడగొట్టడం కాదు.

అత్తగారితో వాదం పెట్టుకోకండి. మగవాడి అప్పు మగవాడే తీరుస్తాడన్న ఆవిడకు మీ గాజులు ఎక్కడున్నాయో తెలియదనుకుంటాను. ఒకసారి బ్యాంకు కాగితం చదివి వినిపించండి, చాలు.

దుద్దులు. బంగారానికి పాపం అంటుకోదు. వేసుకుంటే చెవులు కుళ్లవు. కానీ అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఆ రాత్రి గుర్తొస్తోందని రాశారు కాబట్టి, ఉంచుకోమని చెప్పలేను. అమ్మి నిధి బాకీలో కలపవచ్చు, లేదా అప్పులు తీరేదాకా డబ్బాలో పడేసి తర్వాత ఆలోచించవచ్చు. అమ్మేటట్టయితే కొన్న షాపులోనే అడగండి, బిల్లు ఉందో లేదో ముందు వెతకండి. బిల్లు లేకుండా వెళితే తరుగు ఎక్కువ తీస్తారు.